చద్దర్ కప్పిన కణాలు

ఈ సంగతి చెప్పేటప్పుడు గొంతు పెంచొద్దని మా ఇంట్లో షరతు. గొంతుతోపాటు బీపీ కూడా పెరుగుతుందట. రాతలో గొంతు వినబడదు కాబట్టి రాస్తున్నాను. అయినా అక్కడక్కడా అక్షరాలు లావెక్కినట్టు కనిపిస్తే అచ్చు వేసినవాళ్ళను అనకండి, ఆ లావు నాదే.

ల్యాబుల్లో ఇప్పుడిప్పుడే కాలు పెడుతున్న పిల్లల కోసం ఇది. నేను షోలాపూర్‌లో ఒక కాలేజీ పరిశోధన విభాగంలో ల్యాబు చూసుకునే పనిలో చేరి, ఆ పనిలోనే రిటైరయ్యాను. టెక్కు లేని టెక్నీషియన్ని. మగ్గం ముందు కూర్చోవలసిన సాలెవాడు ప్రయోగశాలలో పడ్డాడని మా నాన్న కొన్నాళ్ళు దిగులుపడ్డాడు. ఆర్ఎన్ఏ గురించి చెప్పబోతే, "దారమేనా?" అన్నాడు. దారంలాంటిదే అన్నాను. "కనబడతదా?" కనబడదన్నాను. "కనబడని దారానికి జీతమిస్తున్నరా? అరె నాయనా" అన్నాడు. మా ఇంట్లో ఆర్ఎన్ఏ అంటే అప్పటినుంచీ 'అరె నాయనా'యే.

కొత్త భవనం కట్టడం పూర్తయ్యేదాకా మా విభాగాన్ని, తెలంగాణనుంచి వచ్చిన సాలెవాళ్ళుండే భవాని పేట్‌లో ఒక పాత మేడ పైఅంతస్తులో పెట్టారు. కింద పవర్‌లూమ్ కార్ఖానా. ఎదురుగా ఇంకొకటి. పొద్దున మగ్గాలు మొదలయ్యాయంటే కిటికీల్లోంచి మోతా, దానివెంట నూలు రజనూ వచ్చేవి. మోత మాకు వినబడేది కాదు. పుట్టినప్పటినుంచీ వింటున్నది ఎవరికి వినబడుతుంది? రజను మాత్రం కనబడేది. బల్లలమీద, పుస్తకాలమీద, తలమీద. నాకు జుట్టు నెరిసిన సంగతి మా ఆవిడ చాలాకాలం కనిపెట్టలేకపోయింది, రోజూ రజను దులిపి ఊరుకునేది.

రజను పడితే మెషీన్లు పాడవుతాయి. అందుకని ప్రతి మగ్గం ఇంట్లో టీవీకి, ఫ్రిజ్జుకు కప్పినట్టే మేమూ మెషీన్లకు చద్దర్లు కప్పేవాళ్ళం. షోలాపూర్ చద్దర్ సంగతి మీకు తెలుసు కదా, ఒక్కటి కప్పుకుంటే చలి మన పేరు మరిచిపోతుంది. మా దగ్గర అన్నిటికన్నా ఖరీదైన మెషీన్ కణాలను ఊపుతూ పెంచే పెట్టె. మేం దాన్ని ఊయల అనేవాళ్ళం. దానిమీదికి మా హెడ్డు తనకు సన్మానంలో కప్పిన నెమళ్ళ చద్దర్ ఇచ్చాడు. "కొత్త మెషీన్, ఖరాబు కావద్దు. మగ్గాలు నడిచినన్ని రోజులు ఇది దానిమీదనే ఉండాలె" అని ఆర్డరు. హెడ్డు అనేది తల ఉన్నందుకు ఇచ్చే పేరు కాదు, మన తలమీద కూర్చున్నందుకు ఇచ్చేది.

మగ్గాలకు వారానికో సెలవు. మా భాషలో సుట్టీ. ఆ రోజు రజను ఉండదు, చద్దర్ మడతపెట్టి పక్కన పెట్టేవాళ్ళం.

ఇక ఆ పిల్ల. పరిశోధనకు చేరిన అమ్మాయి. తండ్రి మగ్గం మీద, తల్లి బీడీ కార్మికుల కాలనీలో ఇంటి గడపమీద. తల్లి చుట్టిన బీడీలతో చదివి మా మెట్లెక్కింది. నన్ను 'కాకా' అనేది. పెట్టెను ఊయల అన్నది మొదట తనే.

ఆమె పట్టుకున్న విషయం ఏమిటో కొంచెం చెప్పాలి, లేకపోతే నా కోపం మీకు అందదు. కణం కేంద్రంలో ఉన్న జన్యువుల్లోంచి ఏ ప్రోటీన్ తయారుచెయ్యాలన్న కబురు నకలుగా బయటికి వస్తుంది. ఆ కబురే మెసెంజర్ ఆర్ఎన్ఏ. చద్దర్ మీద నెమలి రావాలంటే ఆ బొమ్మను రంధ్రాలుగా గుద్దిన జకార్డు అట్టలు మగ్గం దాకా రావాలి కదా, అలా. ఈ కబుర్లు కణద్రవంలో కరిగి తేలుతూ ఉంటేనే ఎవరైనా చదవగలరు. వేడి తగిలితేనో, కష్టం వస్తేనో కణం చాలా కబుర్లను పక్కకు నెట్టి ముద్దలుగా చుట్టబెడుతుంది. ముద్దలో ఉన్న కబురు చెడిపోదు, చదవడానికి అందదు, అంతే. ఏది కరిగి ఉండాలి, ఏది ముద్ద కావాలి, మళ్ళీ ఎప్పుడు విడిపోవాలి అన్నది చూసుకునేవి కొన్ని ప్రోటీన్లు. వాటిలో ఒక రకం చిక్కు విప్పేవి. కబురుకు కబురు అల్లుకుపోకుండా విడదీస్తూ ఉంటాయి. అవి బలహీనమైతే ముద్దలు ముద్దలుగానే ఉండిపోతాయా? ఇదీ ఆ పిల్ల ప్రశ్న.

రొట్టె పొంగించే ఈస్ట్‌తో పని. మామూలు ఈస్ట్ ఒకటి, చిక్కు విప్పే ప్రోటీన్‌ను బలహీనం చేసిన ఈస్ట్ ఒకటి. రెంటినీ ఊయలలో పెంచి, పగలగొట్టి, గిరగిరా తిప్పుతారు. కరిగిన కబుర్లు పైన నీళ్ళలో ఉంటాయి, ముద్దలైనవి అడుక్కు పోతాయి. మామూలు ఈస్ట్‌లో కబుర్లు పైన ఉండాలి. ఇది కొలబద్ద. ఇది సరిగా లేకపోతే దేన్ని దేనితో పోల్చాలి?

ఆ ఎండాకాలం మామూలు ఈస్ట్ కబుర్లు కూడా అడుక్కే పోయాయి. మళ్ళీ చేసింది, మళ్ళీ అడుక్కే. ఎప్పుడో ఒకసారి మాత్రం పైకి తేలేవి. ఆ ఒక్కసారి చూసుకొని ఆశపడేది, మర్నాడు మళ్ళీ మునిగేది.

"కాకా, ఇది నన్ను సతాయిస్తుంది" అనేది.

"నిన్నొక్కదాన్నే కాదు బిడ్డా, ముప్పై ఏండ్ల సంది నన్ను కూడ" అనేవాణ్ని. ఏదో నవ్వించాలని.

హెడ్డుకు నవ్వు రాలేదు. ఆయన కూడా పేటలో పుట్టినవాడే. ఇల్లు డబ్బున్నవాళ్ళుండే హోట్గి రోడ్డుకు మారాక పేట అనే మాటను ముక్కుతో పలకడం నేర్చాడు. ఒకరోజు అందరూ ఉండగా ఆ పిల్లను పిలిచి అడిగాడు.

"ఇంట్ల బీడీలు చుడతవా?"

"అమ్మ చుడ్తది సార్. నేను ఖాళీగున్నప్పుడు ఆకు కత్తిరిస్త."

"అదే చెప్తున్న. తంబాకుల జిగట ఉంటది. అది ఆర్ఎన్ఏను పట్టుకొని అడుక్కు గుంజుకపోతది. చేతులల్ల, బట్టలల్ల అంతా తంబాకే. ఎన్ని గ్లౌజులు తొడిగితే ఏం ఫాయిదా?"

నిజం చెప్పాలంటే ఆ మాటలో ఒక ముక్క శాస్త్రం ఉంది. ఆకుల్లోంచి ఆర్ఎన్ఏ తీసేవాళ్ళకు ఆ జిగట బాధ తెలుసు. నాకు ఇప్పటికీ మండేది అక్కడే. పచ్చి అబద్ధమైతే నలుగురూ నవ్వి పోయేవాళ్ళు. ఒక ముక్క నిజాన్ని పట్టుకొని దాని చుట్టూ మనిషిని ఇంత తక్కువ చేసి చుట్టాడు. చుట్టడం ఆయనకూ వచ్చన్నమాట. ఈ మాట ఎందుకన్నానో తర్వాత చెబుతాను.

"సార్, తంబాకు ఎప్పటికీ ఉంటది. మరి అప్పుడప్పుడు మంచిగ ఎట్లొస్తుంది?" అంది ఆ పిల్ల.

"ఆ రోజు చేతులు మంచిగ కడుక్కొని ఉంటవు."

నలుగురిలో ఇద్దరు నవ్వారు. వాళ్ళ పేర్లు కూడా రాయడం లేదు. వాళ్ళకు తెలుసు.

తర్వాత హెడ్డు పరీక్ష పెట్టాడు. అదే ఈస్ట్, అవే మందులు, అదే మెషీన్, చేతులు మాత్రం వేరే. హోట్గి రోడ్డునుంచి మోటార్ సైకిల్ మీద వచ్చే ఇంకొక పరిశోధక విద్యార్థిని చెయ్యమన్నాడు. కుర్రాడు చెడ్డవాడు కాదు. పేట సందుల్లో బండ్లు, నూలు మూటలు అడ్డం ఉంటాయని తన పనంతా సుట్టీనాడే పెట్టుకునేవాడు. రోడ్డు ఖాళీగా ఉంటుంది, తొందరగా రావచ్చు, తొందరగా పోవచ్చు. ఆ పిల్లకేమో సుట్టీనాడు తండ్రి ఇంట్లో ఉంటాడు, ఇంటిపని మీద పడుతుంది. సాధారణంగా మగ్గాలు నడిచే రోజుల్లోనే వచ్చేది. ఇదంతా అందరం చూస్తున్నదే. మోతలాగే చూస్తూ చూడనిది.

కుర్రాడి చేతిలో మామూలు ఈస్ట్ కబుర్లు చక్కగా పైన తేలాయి.

మర్నాడు పొద్దున ఆర్ఎన్ఏ గది తలుపుమీద కాగితం. పైన మరాఠీలో, కింద ఇంగ్లీషులో: బీడీ, తంబాకు పని చేసే ఇళ్ళనుంచి వచ్చేవారు ఈ గదిలో పరికరాలు ముట్టరాదు. తెలుగులో లేదు. తెలుగువాళ్ళకోసమే రాసింది కాబట్టి అక్కర్లేదనుకున్నాడేమో. హెడ్డు స్వయంగా తెచ్చి, స్వయంగా అంటించాడు. గమ్ము కూడా దండిగా పూశాడు. విభాగంలో ఏ పనీ స్వయంగా చెయ్యని మనిషి!

దానితో ఆగలేదు. ఎండాకాలం చివర్లో బయటినుంచి ఒక పరీక్షకుడు వచ్చి పరిశోధక విద్యార్థులందరి పనీ చూసి సంతకం చెయ్యాలి. ఈ అమ్మాయి రిజిస్ట్రేషన్ కొనసాగించడం కుదరదని, ఆ విషయం కుర్రాడికి ఇద్దామని హెడ్డు సిఫారసు సిద్ధం చేసుకున్నాడు.

ఆ పిల్ల రావడం మానేసింది. నేను కాలనీకి పోయాను. తల్లి గడపమీద కూర్చొని ఉంది, ఒడిలో చాట, చాటలో తంబాకు, పక్కన తునికాకు. చెయ్యి ఆపకుండానే, "రా అన్నా, కూసో" అంది. పిల్ల లోపల పంపు దగ్గర చేతులు కడుగుతోంది.

"ఎప్పటిసంది కడుగుతుంది?"

"అడగకు. గిన్నెలు తోమినట్లు తోముకుంటది. సోడా అంటది, నిమ్మకాయ అంటది. తోలు లేచిపోతుంది. నా పక్కన కూసుంటలేదు అన్నా. ఆకు ముడ్తలేదు. నేను పెట్టిన అన్నం కూడ చెంచతోని తింటుంది."

ఆమే అడిగింది.

"నిజంగ నా తంబాకు వల్లనేనా అన్నా? అట్లయితే చెప్పు, బంద్ చేస్త. ఇండ్లల్ల గిన్నెలు తోముకొని బతుకుత."

"కాదు చెల్లె."

"ఎట్ల చెప్తవు?"

ఎట్లా చెప్పగలను? కాదని నాకు తెలుసు, ఎందుకు కాదో తెలియదు. ఆ తెలియనితనం ముందు నా చిన్న జీతం కూడా ఎక్కువే అనిపించింది.

ఆమె బీడీ మూతి గోటితో మడిచి చాటలో పడేసింది. "మీ హెడ్డు సారు తల్లి లేదా, ఆమె నా పక్కనే కూసోని చుట్టేది" అంది మామూలుగా, కూరల ధర చెప్పినట్టు. "ఈయన గింతప్పుడు తల్లి పక్కల కూసోని మూతులు మడిచేటోడు. మాకన్న సాఫ్‌గ మడిచేటోడు. బొటనవేలు గోరుతోని, ఇట్ల."

నేను లేచి నిలబడ్డాను. "చెల్లె, ఈ ఒక్క మాట చాలు. రేపే అందరి ముందర..."

"కూసో" అంది. పెద్దగా అనలేదు, అయినా కూర్చున్నాను. "ఏమని అంటవు? నీ తల్లి గూడ బీడీలు చుట్టిందని తిడ్తవా? బీడీలు చుట్టుడు తిట్టా అన్నా? నువ్వు గూడ గట్లనే అంటే ఇగ ఆయనది తప్పెట్లయితది?"

కిందపడిన తునికాకు ఒకటి తీసి ఆమె పక్కన పెట్టాను.

"ఆమె మంచిది. నా బిడ్డ పుట్టినప్పుడు ఆమెనే నీళ్ళు పోసింది. సచ్చిపోయిన మనిషిని గొడవలకు గుంజకు. ఆడ ఆ మాట ఎత్తనని మాటియ్యి."

మాట ఇచ్చాను. నా ఉద్యోగంలో నేను చేసిన అన్నిటికన్నా బరువైన పని అదే. మెషీన్లు మొయ్యడం దీనిముందు దూది.

లోపలినుంచి పిల్ల వచ్చింది. చేతులు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి వెనక్కి పెట్టుకుంది.

"పరీక్షకుడు వస్తున్నడు బిడ్డా. రావాలె."

"వచ్చి ఏం చెయ్యాలె కాకా? నీళ్ళు అందియ్యాల్నా?"

"నీ పని నువ్వు చెప్పు. సంతకం ఆయన ఇష్టం. నువ్వు రాకపోతే ఆ కాగితమే నీ తరఫున మాట్లాడతది."

తల్లి చాట పక్కన పెట్టి, కూతురి చేతులు లాగి తన తంబాకు చేతుల్లో పట్టుకుంది. పిల్ల గుంజుకోబోయింది. తల్లి వదల్లేదు.

"పోయిరా" అంది.

పరీక్షకుడు హైదరాబాద్ నుంచి వచ్చాడు. సాయంత్రం రైలు. వయసు పైబడినవాడు, మోకాళ్ళ నొప్పి, మెట్లెక్కి వచ్చి కాసేపు ఆయాసపడ్డాడు. ఆ పిల్ల చెప్పిందంతా విన్నాడు. హెడ్డు చెప్పిందీ విన్నాడు. తంబాకు జిగట దగ్గర తల ఊపాడు. ఆ తల ఊపుడు చూసి నా లోపల ఏదో అడుక్కు పోయింది.

"ల్యాబు చూద్దాం పదండి" అన్నాడు తర్వాత.

ఎండ మండిపోతోంది. మగ్గాలు నడుస్తున్నాయి. ఆయన చెవులు మూసుకొని, "ఈ మోతలో ఎలా పనిచేస్తారయ్యా?" అన్నాడు. ఏ మోత అని నేను అడగబోయి ఆగాను.

ఊయల దగ్గర ఆయన ముఖం వెలిగింది. "ఇదిగో, మా ఆవిడ ప్రాణాలు తోడేసింది దీనికోసమే. మంచి చద్దర్లు ఎక్కడ దొరుకుతాయి?"

"అశోక్ చౌక్ దిక్కు పోతే చాలున్నయి సార్" అన్నాను.

"ఇది నాకు సన్మానంల కప్పింది" అన్నాడు హెడ్డు, కొద్దిగా వంగి.

"రెండువైపులా డిజైన్ ఉంటుందట కదా?" అంటూ ఆయన అంచు పట్టుకొని తిరగేసి చూశాడు. షోలాపూర్ వచ్చినవాళ్ళు అందరూ చేసేదే. అరచెయ్యి కిందికి పెట్టి నేత చూశాడు. "ఇదేమిటి, ఇస్త్రీ చేసి కప్పారా? ఇంత వేడిగా ఉంది."

మేం నవ్వాం. పెద్దవాళ్ళు జోకు వేస్తే నవ్వడం ఉద్యోగంలో భాగం. ఆ పిల్ల నవ్వలేదు. ముందుకు వచ్చి చద్దర్ కింద చెయ్యి పెట్టింది, తోలు లేచిన ఆ చెయ్యి.

"కాకా, మూత తియ్యకు" అంది. వంగి, ముందు అంచు ఒక్కటే పైకెత్తి, అంకె చూసింది. ముప్పై డిగ్రీలు ఉండాలి. నలభై దాటి ఉంది.

"మూత తీస్తే గది వేడి చూపిస్తది, మామూలే" అన్నాడు హెడ్డు. మేమందరం ఎప్పుడూ అనుకునేదీ అదే. పొద్దున కప్పేముందు అంకె చూస్తాం. తర్వాత చద్దర్, మూత కలిపి తీశాక కనిపించే అంకెను షోలాపూర్ ఎండ ఖాతాలో వేస్తాం.

"మూత తియ్యలేదు సార్."

నాకు మొదటిసారి మగ్గాల మోత వినబడింది.

ఆ పిల్ల తిరిగి హోట్గి రోడ్డు కుర్రాణ్ని అడిగింది. "అన్నా, నువ్వు చేసినది సుట్టీనాడు కదా?"

"అవు. ఎప్పటికీ సుట్టీనాడే కదా నేనొచ్చేది."

"సుట్టీనాడు చద్దర్ కప్పం. నాకు మంచిగొచ్చినయి కూడ ఎప్పుడన్న సుట్టీనాడు చేసినయే." ఆమె పరీక్షకుడి వైపు చూసింది. "సార్, దీనికి వేడి బయటికి పోయే జాలీ వెనక ఉంది. మగ్గాలు నడిచిన రోజు రజను పడకుండ కప్పి, చుట్టూ దోపుతం. అందరికన్న ఎక్కువ నేనే దోపుతుంటి, ఒక్క పోగు పోవద్దని. నా మామూలు కణాలు తప్పు చెయ్యలేదు సార్. వేడికి కాలినయి. వేడి తగిలితే కబుర్లను ముద్ద చెయ్యాలె, చేసినయి."

అర్థమైందా మీకు? మురికి చేతులని గది బయటికి నెట్టిన పిల్ల తప్పు, ఏదైనా ఉంటే, మరీ శుభ్రంగా ఉండడం. వాళ్ళమ్మ ఇంట్లో టీవీకి దోపినట్టు దోపింది. కప్పమని ఆర్డరిచ్చినదెవరు? కప్పింది ఎవరి సన్మానం? నెమళ్ళు రెండువైపులా మమ్మల్ని చూస్తున్నాయి.

"ఇది ఊహ" అన్నాడు హెడ్డు. "చూసుకోవాలంటే చూద్దాం. అబ్బాయి చేస్తడు."

"వద్దు సార్" అంది ఆ పిల్ల. "అన్న చేస్తే మళ్ళ అన్న చేతులే అంటరు. నేను చేస్త. ఈ చేతులతోనే."

"రూల్ ఉంది. తలుపు మీద..."

కాలనీలో ఇచ్చిన మాట అడ్డం వచ్చింది. ఒక్క వాక్యం చాలు, ఆ మనిషి అక్కడికక్కడే కూలిపోతాడు. నోరు తెరిచాను కూడా. తెరిచి, "సార్, మీ రైలు సాయంత్రం కదా, టైముంది" అన్నాను పరీక్షకుడితో.

ఆయన మోకాళ్ళు పట్టుకొని కుర్చీలో కూర్చున్నాడు. "ఆ అమ్మాయినే చెయ్యనివ్వండి. నేను పక్కన కూర్చుంటాను. చద్దర్లు మా ఆవిడ ఇంకోసారి కొనుక్కుంటుంది."

పరీక్షకుడికి చూపించాలని పొద్దున నేనే రెండు రకాల కణాలనూ ఊయలలో పెట్టి ఉంచాను. ఆ పిల్ల అలా వేడెక్కినవాటిని కొంత తీసి, పగలగొట్టి తిప్పింది. తర్వాత చద్దర్ తీసి మడతపెట్టింది. అంకె ముప్పైకి దిగేదాకా ఆగి, కణాలు తేరుకోవడానికి వదిలి, మళ్ళీ కొంత తీసి తిప్పింది. పైనీళ్ళూ, అడుగుముద్దలూ అన్నింటినీ పక్కపక్కన, కబుర్లు చారలుగా కనిపించే జెల్ పలక మీద నడిపింది. ఆమె పని చేస్తుంటే నేను చేతులనే చూశాను. వాటికి తొందర లేదు. ఆకు కత్తిరించే చేతులకు కొలత ఎవరూ నేర్పనక్కర్లేదు. పరీక్షకుడు ఒక్కసారి కూడా ఆ చేతుల్ని చూడలేదు, ట్యూబుల్నే చూశాడు. ఆయనమీద నాకు గౌరవం అప్పుడు కలిగింది.

దీపం కింద జెల్ పెట్టినప్పుడు ఎవరికీ వివరించనక్కర్లేకపోయింది. వేడిలో రెండు రకాల కణాల కబుర్లూ అడుగునే. చల్లబడ్డాక మామూలు ఈస్ట్ కబుర్లు పైకి వచ్చేశాయి. చిక్కు విప్పే ప్రోటీన్ బలహీనమైనదానిలో మాత్రం చల్లబడినా అక్కడే, అడుగునే, ముద్దగా. ఎండాకాలమంతా ఆమె వెతుకుతున్న తేడా అదే. ముద్దలు కట్టడానికి ఆ ప్రోటీన్ అవసరం రాలేదు, ముద్దలు విప్పడానికి వచ్చింది. వేడెక్కించి చల్లార్చి చూడాలన్న ఆలోచన ఆమెకు చద్దరే ఇచ్చింది.

"ఇంకా చాలాసార్లు చెయ్యాలి" అన్నాడు పరీక్షకుడు. "కాని మీ ప్రశ్న మీ చేతికి వచ్చిందమ్మా." కొనసాగించమని సంతకం పెట్టాడు. హెడ్డు వెంటనే, "మేము కూడ ఈ వేడి సంగతి అనుమానిస్తనే ఉన్నం సార్" అన్నాడు. మేము! ఆ 'మేము'లో తను ఎంత, మేమెంత? ఇది రాస్తుంటే మా ఆవిడ లోపలినుంచి, "గొంతు పెంచుతున్నరా?" అంటోంది. లేదు, పెన్ను నొక్కుతున్నాను.

ఆయన రైలుకు వెళ్ళిపోయాక హెడ్డు నాతో చల్లగా అన్నాడు. "మెషీన్ ప్రాబ్లెం. ఎవరిదీ తప్పు లేదు. ఆ కాగితం పీకెయ్యుండ్రి."

నేను తలుపు దగ్గరికి కదిలాను. అలవాటు.

"కాకా, నువ్వు తియ్యకు" అంది ఆ పిల్ల.

హెడ్డు ఆగాడు. "ఏంది?"

"అంటించినోళ్ళే తియ్యాలె సార్. నేను చేతులు కడుక్కొని వస్త, అప్పటిదాక తీసి పెట్టుండ్రి."

కడుక్కోవడానికి పోలేదు. అక్కడే, కడగని చేతులు ముందు కట్టుకొని నిలబడింది. కుర్రాడు నిలబడ్డాడు. ఆనాడు నవ్విన ఇద్దరూ ఎక్కడినుంచో వచ్చి నిలబడ్డారు. హెడ్డు నావైపు చూశాడు. నేను కిటికీవైపు చూశాను, నూలు రజను ఎంత అందంగా ఎగురుతుందో.

ఆయన కాగితం పట్టుకొని లాగాడు. పైపొర ఊడింది, కిందిపొర నిలిచింది. దండిగా పూసిన గమ్ము కదా. నీళ్ళు చల్లాడు, కరగలేదు. మరాఠీ పోయింది, ఇంగ్లీషులో 'ముట్టరాదు' అన్న ముక్క మిగిలింది. అప్పుడు గోటితో మొదలుపెట్టాడు. వేళ్ళు కొంతసేపు తడబడ్డాయి. తర్వాత, ఆయనకు తెలియకుండానే అనుకుంటాను, వాటికి ఏదో గుర్తొచ్చింది. చూపుడు వేలు ఆనించి, బొటనవేలి గోరు అంచుమీద పెట్టి, చిన్నగా నొక్కి, లోపలికి మడిచి, లాగి. మళ్ళీ ఆనించి, నొక్కి, మడిచి. ఎంత సాఫ్‌గా! పేటలో ఏ గడపమీద చూసినా కనిపించే పని అది.

ఆ పిల్ల చూసింది. ఆమె కళ్ళు ఆ బొటనవేలి మీద నిలిచాయి, తర్వాత మెల్లగా నావైపు తిరిగాయి. తల్లి ఆమెకు చెప్పిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను నోరు విప్పలేదు. మాట ఇచ్చాను కదా.

ఆమె గదిలోకి వెళ్ళి, ఒక కుర్చీ తెచ్చి ఆయన వెనక వేసింది. "కూసోని తియ్యుండ్రి సార్" అంది. "నిలబడితే చేతులు గుంజుతయి. కూసుంటే మంచిగొస్తది."

ఆయన చెయ్యి ఆగిపోయింది. తర్వాత కూర్చున్నాడు.

నేను రిటైరయ్యేముందు కొత్త భవనం లేచింది, ఊయల అక్కడికి పోయింది, చద్దర్ లేకుండా. ఆ పిల్ల ఇంకా అదే చిక్కు విప్పుతోంది. మొన్న కాలనీకి పోయినప్పుడు తల్లి చాట ఒడిలో పెట్టుకొని, "ఇగ రాసుకో అన్నా, పేర్లు పెట్టకు" అంది. పెట్టలేదు చెల్లె. కూతురు ఆమె పక్కన కూర్చొని ఆకు కత్తిరిస్తూ ఉంది. చేతులు మానాయి. నా కోపం మాత్రం అడుగునే ఉంది, చూస్తున్నారుగా.